దడి అవతలి నారు

నీడ అంచు చివరి ట్రేకి ఇంకా మూడు జానల దూరంలో ఉంది. ప్రవీణ్ కుమార్ ఇంటి వసారా మెట్టు మీద కూర్చుని నేను దాన్నే చూస్తున్నాను. పనస చెట్టు నీడ. పొద్దున్న పడమటి దడి దాకా పరుచుకుని ఉన్నది, పొద్దెక్కిన కొద్దీ ఎవరో చాప చుడుతున్నట్టు చెట్టు మొదట్లోకి జరుగుతోంది. దాని కింద ఇటుకల మీద వరసగా పధ్నాలుగు ట్రేలు, నల్లవి, ప్లాస్టిక్‌వి, ఒక్కోదానికి తొంభై ఎనిమిది గుంటలు, గుంటకొక మొక్క. వంగ, టమాటా, మిరప. విత్తనం పెట్టి పన్నెండు రోజులు. పదిన్నరకల్లా చివరి ట్రే మీద ఎండ పడుతుందంట, పడకముందే అన్నీ వసారాలోకి మార్చాలంట, ప్రవీణ్ చెప్పి వెళ్ళాడంట. మీరు ఊరికే కూర్చునే కదా ఉంటారు, కాస్త ఆ పని చూడండి అని చెప్పి సుందరమ్మ బైబిలు సంచిలో పెట్టుకుని చర్చికి, స్త్రీల కూడికకు వెళ్ళిపోయింది. సుందరమ్మ నా భార్య. ప్రవీణ్ నాకు వరసకు కొడుకు, మా చిన్నాన్న మనవడు. దడికి అటు మేము, ఇటు తను. బడిలో మాస్టారు. ఇవాళ అమలాపురంలో ఏదో ట్రైనింగని తెల్లారకుండానే బండి తీశాడు. వాడి భార్య లిడియా నర్సు, రాజోలు డ్యూటీకి వెళ్ళింది. ఇద్దరూ సాయంత్రానికి గానీ రారు. వాళ్ళు నారు అప్పగించింది నాకు కాదు. సుందరమ్మకు అప్పగించారు, సుందరమ్మ నాకు అప్పగించింది. ఆ తేడా నాకు తెలుసు. ఊరికే కూర్చునే కదా ఉంటారు.

ఊరికే కూర్చోవడం మూడేళ్ళ కిందటి దాకా నాకు తెలియదు. ముప్ఫై ఆరేళ్ళు కొబ్బరి దింపు తీశాను. రోజుకు నలభై చెట్లు, యాభై చెట్లు, పైనుంచి చూస్తే ఈ పేట అంతా ఆకుల కింద దాక్కుని ఉండేది, ఎక్కడో ఒక పెంకు, ఎక్కడో ఒక చీర ఆరేసిన తాడు, అటు కాలువ మెరుపు. పైనుంచి చూసేవాడికి ఎవరి పెరట్లో ఏం కాసిందో తెలుస్తుంది, ఎవరి పాదు ఎండిందో కూడా తెలుస్తుంది. నేను చూసేవాణ్ణి, ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మాట పైన ఉన్నవాడికి పనికిరాదు, కింద ఉన్నవాడు తలెత్తి ఏంటని అడుగుతాడు, కాయ వాడి నెత్తిన పడుతుంది. తరువాత మోకాళ్ళు పట్టేశాయి. దిగిపోయాను. దిగాక చూస్తే కింద అందరూ మాట్లాడేవాళ్ళే. ప్రవీణ్ అయితే మొక్కలతో కూడా మాట్లాడతాడు. ఫోను ముందు పెట్టుకుని, ఇదిగోనండీ ఇవి మన వంగ మొక్కలు, ఇవాళ్టికి ఆరో రోజు, చూడండి ఎంత ముచ్చటగా ఉన్నాయో అని నవ్వుతూ చెబుతాడు. ఎవరు చూస్తారో. చూస్తారంట. కాట్రేనికోన నుంచి ఒకాయన ఫోను చేసి, మాస్టారూ నారు ఇస్తారా అని అడిగాడని మొన్న సుందరమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూశాను. నేను ఎనభై అడుగుల చెట్టు దిగి వచ్చినప్పుడు కూడా ఆ వెలుగు లేదు. ఎక్కువ చెబుతున్నానేమో, ఉండి ఉంటుంది ఎప్పుడో, నాకే గుర్తు లేదేమో. కానీ మొన్నటిది గుర్తుంది.

ట్రేల్లో మట్టి లేదు, అది చిత్రం. కొబ్బరి పొట్టు. పీచు తీశాక రాలే పొట్టు, మా చిన్నప్పుడు రోడ్డు పక్కన గుట్టలు పోసి వదిలేసేవాళ్ళు, వానకు నాని ఎర్రటి నీళ్ళు కారేవి, దాని మీద గడ్డి కూడా మొలిచేది కాదు. అదే పొట్టు ఇప్పుడు ఇటుకలాగా నొక్కి సంచిలో పెట్టి ఇస్తారంట. నీళ్ళు పోస్తే పొంగుతుందంట. నేను దింపిన కాయల పొట్టే అయి ఉంటుంది, అందులో వాడి నారు. నాలుగు గుంటలకొకటి వేలితో తట్టి చూశాను పొద్దున్న, దూదిలా ఉంది. వేరు సుఖంగా దిగుతుంది, ఒప్పుకోవాలి. పేటలో ముప్ఫై ఇళ్ళు, ఇంటికి రకానికి పదేసి మొక్కల లెక్కన ఈస్టరు ముందు పంచుతానని వాడు చెప్పాడు, ఊరికే. తొలకరి వేళకు ప్రతి పెరట్లోనూ వాడి వంగ పిందె వేస్తుంది. ఆడవాళ్ళంతా ఇప్పటికే వచ్చి చూసుకుని పోతున్నారు, పురిటి బిడ్డను చూడ్డానికి వచ్చినట్టు. అదివరకు ఇదే ఆడవాళ్ళు ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమ దినాలు మొదలయ్యే వేళకు కొంగున నాలుగు గింజలు ముడేసుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు.

అది మా పేటలో పద్ధతి. ఏడాదిలో మొదటి విత్తనం ఇంటివాళ్ళు పెట్టుకోరు. చెయ్యి మంచిదని పేరున్నవాళ్ళను పిలిచి పెట్టిస్తారు. పిలిచినవాళ్ళు వచ్చి కాళ్ళు కడుక్కుంటే ఆ ఇంటి ఇల్లాలు బెల్లం ముక్క తెచ్చి నోటికి అందిస్తుంది. బుగ్గన పెట్టుకోవాలి, నమలకూడదు. అది కరిగేదాకా పెదవి విప్పకూడదు. ఆ కాసేపట్లోనే గింజలన్నీ పెట్టెయ్యాలి. మాట పడితే మొలక ముడుచుకుపోతుందనేవాళ్ళు. మా అమ్మ మంగాయమ్మకు ఆ పేరు ఉండేది. నేను ఏడేళ్ళవాణ్ణి, గింజల చేట పట్టుకుని ఆవిడ వెనకాల ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. నాకూ ఒక ముక్క పెట్టేవాళ్ళు. అలా చిన్నప్పుడే నోరు మూసుకోవడం తీపిగా అలవాటైంది. అమ్మ పోయాక పిలుపు నాకు వచ్చింది. మగాడి చేత పెట్టించడమేంటని ఒకరిద్దరు గొణిగారు గానీ ఆ ఏడు ఆనప పాదులు ఇళ్ళ కప్పులు దాటి పోయేసరికి ఊరుకున్నారు. ఇరవై ఏడేళ్ళు నాదే ఆ చెయ్యి. చెట్టెక్కి వచ్చిన చెయ్యి, గరుకు చెయ్యి, అయినా అబ్బులు బాబాయ్ గారిది చల్లటి చెయ్యి అనేవారు వాళ్ళు. ఎవరైనా అంటుంటే విననట్టు ఉండేవాణ్ణి. విననట్టు ఉంటేనే కదా మళ్ళీ అంటారు.

నీడ రెండు జానలకు వచ్చింది. జాన దూరం రావడానికి దీనికి ఇంత సేపు పట్టిందా, లేక నేను అంత సేపు చూడలేదా. పనస పిందెలు మొదట్లో గుత్తులుగా ఉన్నాయి, చీమలు ఎక్కుతున్నాయి. ఎక్కడో కోయిల ఒకటే పనిగా అరుస్తోంది, దానికి కూడా శ్రోతలు కావాలి. మొన్నటి శనివారం కాదు, అంతకు ముందు శనివారం. ప్రవీణ్ మా పెరట్లోకి వచ్చాడు, చేతిలో ఫోను లేదు, అది ఒకటి నయం. నేను బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. ఏ ఇంటికీ వెళ్ళక్కర్లేకపోయినా మా పెరటి పాదు నాదే కదా, కడుక్కుంటున్నాను. సుందరమ్మ లోపల్నుంచి వచ్చింది, పళ్ళెంలో ఆనప గింజలు, బీర గింజలు, పక్కన బెల్లం ముక్క. నా ముందు నుంచే వెళ్ళింది. నాయనా, నీ చెయ్యి బాగుంది, మా పాదులో కూడా ఓ నాలుగు గింజలు పెట్టు అంది వాడితో. వాడు వెనక్కి జరిగాడు, నిజమే చెప్పాలి, వెనక్కే జరిగాడు. "నేనేంటి పెద్దమ్మా, పెదనాన్న ఉండగా" అన్నాడు, నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అక్కర్లేదు. సుందరమ్మ చూడలేదు నా వైపు, పళ్ళెం చూసుకుంటోంది. "పెట్టు, దానికేముంది" అన్నాను నేను. నా నోటితోనే అన్నాను. వాడు బెల్లం బుగ్గన పెట్టుకున్నాడు. పెట్టుకుని మాట్లాడాడు. గింజ మొన కిందికి పెట్టాలా పక్కకు పెట్టాలా పెద్దమ్మా అన్నాడు, ఈ పాదుకు ఎండ ఎంతసేపు వస్తుంది అన్నాడు, మా బళ్ళో పిల్లల చేత కూడా పెట్టిస్తున్నానన్నాడు, బెల్లం ముక్క ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మారుతోంది, సుందరమ్మ నవ్వుతోంది. నేను కడిగిన కాళ్ళే మళ్ళీ కడిగాను. మాట పడ్డ గింజ మొలవకూడదు. ఏడో రోజుకు అన్నీ మొలిచాయి, నాలుగుకు నాలుగు ఆనప, ఐదుకు ఐదు బీర.

నిరుడు నేను పెడితే ఎనిమిదిలో రెండు. ముందటేడు ఒక్కటి కూడా లేదు. సుందరమ్మ ఆ మాట ఎత్తలేదు ఏనాడూ. ఎత్తి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, గింజ పాతదనో, పందికొక్కు తవ్విందనో. ఎత్తకుండా పళ్ళెం నా ముందు నుంచి పట్టుకుపోయింది. అప్పటి నుంచీ నాకు అన్నంలో రుచి లేదు. రాత్రిళ్ళు చెయ్యి ఎత్తి చూసుకుంటాను, అరచెయ్యి, వేళ్ళు. ఏం మారింది ఇందులో. ముసలిదైందా. చేతికి కూడా వయసు మీరుతుందా, పాలు ఆగిపోయినట్టు ఏదో ఆగిపోతుందా. ఎవరినన్నా అడగాలంటే ఏమని అడగను. వాడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మంచివాడు. అదే ఇబ్బంది. ఒక్క చెడ్డ మాట అని ఉంటే నాకు ఎంత ఊరటగా ఉండేదో. ఎదురొస్తే బండి ఆపుతాడు, ఏం పెదనాన్నా బాగున్నారా, మోకాలికి ఆ తైలం రాస్తున్నారా అంటాడు. రాస్తున్నాను. వాడిచ్చిన తైలమే.

జాన. లేచి దగ్గరికి వెళ్ళాను, మార్చాలి కదా. ముందుగా చివరి ట్రే, వంగ. వంగి పట్టుకోబోతూ చూశాను. ఎడమ మూల ఐదు మొక్కలు పడుకుని ఉన్నాయి. నీళ్ళ వాటుకు వాలినవి అలా ఉండవు, అవి నడుం దగ్గర వంగుతాయి, మళ్ళీ లేస్తాయి. ఇవి మొదలు దగ్గరే పడిపోయాయి. ఆకు పచ్చగానే ఉంది, ఏమీ జరగనట్టే. వేలితో ఒకదాన్ని పైకెత్తాను, పొట్టు తాకే చోట కాడ దారమంత సన్నబడి నీరుపట్టి గోధుమ రంగులో ఉంది. పక్కది చూశాను, అదీ అంతే. మూడో ట్రేలో నాలుగు. ఆరో ట్రేలో మిరప, రెండు. పొట్టు నొక్కితే నీళ్ళు వేలి చుట్టూ ఊరాయి. పొద్దున్న పోసిన నీళ్ళు కావు, రాత్రివి. బడి నుంచి వచ్చి దీపాలు పెట్టే వేళకు పోస్తున్నాడు, పాపం వాడికి ఆ వేళే కుదురుతుంది, రాత్రంతా మొక్క కాళ్ళు నీళ్ళలో ఉంటున్నాయి, పైగా పొద్దున్న మంచు. తెగులు పట్టింది. చూడ్డానికి పదకొండే మొక్కలు, కానీ ఇది మూల నుంచి నడుస్తుంది, ఒక గుంట నుంచి పక్క గుంటకు. దానికి కావలసింది తడి, చల్లదనం, గాలి ఆడని చోటు. వసారా. మూడు వైపులా గోడ, నాలుగో వైపు గ్రీను నెట్టు కట్టాడు. అక్కడ ఈ పధ్నాలుగూ దగ్గర దగ్గరగా సాయంత్రం దాకా ఉంటే, రేపు పొద్దున్న మళ్ళీ నీడ, మళ్ళీ వసారా, ఆదివారానికి ఒక్కటి మిగలదు.

నాకు చెప్పిన పని నేను చెయ్యాలి, అంతే. ఈ మాట నాకు మెల్లిగా తట్టింది, కాలువలో నీళ్ళు వదిలినప్పుడు మొదట నురగ వచ్చినట్టు. చెప్పిన పని చేస్తే చాలు. ట్రేలు వసారాలో పెట్టండన్నారు, పెట్టాను. ఎవరూ ఒక్క మాట అనలేరు. ఎండలో వదిలేస్తే అంటారు, నీళ్ళు పొయ్యకపోతే అంటారు, మేక వచ్చి తింటే అంటారు. చెప్పినట్టు చేసినవాణ్ణి ఏమంటారు. ముప్ఫై ఇళ్ళ ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని వచ్చి ఖాళీ ట్రేలు చూసి వెళతారు. మాస్టారి చెయ్యి కూడా అంతేనమ్మా అంటారు. ఎవరో ఒకరు, నేను పేరు పెట్టి చెప్పగలను ఎవరో, అబ్బులు బాబాయ్ గారి రోజుల్లో ఇలా ఎప్పుడైనా అయ్యిందా అంటుంది. సుందరమ్మ వింటుంది.

చివరి ట్రే ఎత్తి వసారాలోకి తీసుకెళ్ళాను. తరువాత దాని పక్కది. బరువుగా ఉన్నాయి, తడి బరువు. మూడోది కూడా పెట్టాను. అప్పుడు కూర్చున్నాను, మోకాలు నొప్పి అనుకున్నాను గానీ మోకాలు కాదు, సుఖం. రెండు వారాల తరువాత ఒంట్లోకి వచ్చిన సుఖం. వసారా చల్లగా ఉంది, నెట్టు లోంచి ఆకుపచ్చ వెలుతురు, ట్రేల మీద మూతలా వాలింది. ఎవరూ లేరు. నేను మొక్కల్ని చూస్తున్నాను, అవి నన్ను చూడవు. పొద్దు వైపు కొద్దిగా తల తిప్పుకుని నిలబడ్డాయి, ఇక్కడ పొద్దు లేదని ఇంకా తెలియదు వాటికి. ఒక దాన్ని చూస్తున్నాను, ఎందుకో దాన్నే, పడిపోయిన వాటికి రెండు గుంటల ఇవతల ఉన్నదాన్ని. మూడో ఆకు అప్పుడే విచ్చుకుంటోంది. గాలి లేదు, చీమ లేదు. నేను చూస్తుండగా అది ఒరిగింది. నెమ్మదిగా, ఎవరో కునికినట్టు, పక్క మొక్క మీదకు ఆనుకుని అక్కడ ఆగలేక కిందికి. అంతే. కొబ్బరి తోటల్లో విత్తనపు కాయ దింపేటప్పుడు గెల కోసి పడెయ్యకూడదు, గెలకు తాడు కట్టి మట్ట మీదుగా మెల్లగా వదలాలి, కింద ఒకడు చేతులు చాచి పట్టుకోవాలి. ముప్ఫై ఆరేళ్ళలో విత్తనపు గెల ఒక్కటి కూడా నా చేతి నుంచి నేలకు పడలేదు. ఆ సంగతి అప్పుడు అనుకున్నానో, తరువాత అనుకున్నానో. నా చెయ్యి అప్పటికే ట్రే మీద ఉంది, ఒరిగినదాన్ని వేరుతో సహా పైకి లాగుతోంది.

మూడు ట్రేలూ మళ్ళీ బయటికి. అన్నిటినీ ఎండలో, ఒకదానికొకటి మూరెడు దూరంగా, ఇటుక మీద ఇటుక పెట్టి కింద నుంచి కూడా గాలి పోయేటట్టు. మార్చి ఎండ, పన్నెండు రోజుల పసికందులు, ఎక్కువసేపు ఓర్చుకోవు, దగ్గర కూర్చుని చూసుకోవాలి. ఆకు అంచు మెత్తబడుతుంటే కొబ్బరాకు అడ్డం పెట్టాలి, మళ్ళీ తియ్యాలి. తరువాత పీకడం. పడినది పీకడం ఒక్కటే కాదు, దాని చుట్టూ నిలబడి ఉన్నవి కూడా పీకాలి, పచ్చగా, నిక్షేపంగా ఉన్నవి, లేకపోతే నడక ఆగదు. ఒక్క వ్యాధి మొక్కకు నాలుగు మంచి మొక్కలు. గుంటలోని పొట్టుతో సహా తీసి తాటాకు బుట్టలో వేశాను. ఇందులో దాపరికం లేదు, చెప్పేస్తాను. మంచి మొక్కను పీకుతున్నప్పుడు నాకు బాగుంది. వేరు పొట్టులోంచి ఊడి వచ్చేటప్పుడు చిన్న చప్పుడు అవుతుంది, వినపడీ వినపడనట్టు, అది వేళ్ళకు తెలుస్తుంది. వాడి మొక్క, వాడి మొక్క, ఇదీ వాడిదే. పీకాల్సినవే పీకాను, ఒక్కటి ఎక్కువ పీకలేదు. కానీ బాగుంది. బతికించే పని, చంపే పని ఒకే చేత్తో ఒకేసారి జరుగుతుంటే దేనికి సంతోషించానో నన్నడిగితే నేను చెప్పలేను.

ఆ సమయానికే దడి అవతల బాట మీద హేమ ఆగింది. రెండు లైన్ల అవతల ఇల్లు, కూడికకు ఆలస్యమై పరుగు మీద వెళుతోంది, అయినా ఆగింది. "ఏం అబ్బులు బాబాయ్ గారూ, మాస్టారి నారుకి కాపలా పెట్టేరా మిమ్మల్ని" అంది నవ్వుతూ. నేను తలెత్తలేదు. "ఎండ పడిపోతోందండీ, పిన్ని గారు లోపల పెట్టమని చెప్పలేదా?" ఆయ్ అన్నాను. అటూ ఇటూ ఎటైనా పనికొచ్చే మాట అది. ఆవిడ దడి మీదకు వంగింది, బుట్ట చూసింది, బుట్ట నిండా పచ్చటి మొక్కలు. నా చేతిలో ఇంకొకటి. నవ్వు ఆగిపోయింది. "మా ఇంటికి ఇరవై చెప్పేనండీ ఆయనకి" అంది, మామూలు గొంతుతో కాదు. ఇంకేం అనకుండా వెళ్ళిపోయింది, వచ్చినప్పటి కంటే వేగంగా. ఒక్క మాట, తెగులమ్మా అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. ఇంత మంది ఇరవైలు, పదులు చెప్పుకుని కూర్చున్నారు, నాలుగేళ్ళ కిందట ఇదే హేమ కొంగున బెండ గింజలు ముడేసుకుని మా మెట్ల మీద అరగంట కూర్చుంది నేను చెట్టు దిగి వచ్చేదాకా, అని అదొకటి అడ్డం వచ్చింది. మాట వెనక్కి పోయింది.

ఎనిమిదో ట్రే దగ్గర ఉన్నాను సుందరమ్మ వచ్చేసరికి. ప్రార్థన మధ్యలో లేచి వచ్చిందని తెలుస్తూనే ఉంది, కొంగు ఇంకా తల మీదే ఉంది, చెప్పులు చేతిలో ఉన్నాయి. ఎండలో ట్రేలను చూసింది. బుట్ట చూసింది. ఆయాసం తగ్గేదాకా నిలబడింది.

"మీరే పీకేరా?"

"ఆయ్."

"ఇన్నీనా?"

"ఆయ్."

చెప్పులు కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "నాకు తెలుస్తానే ఉందండీ" అంది. "ఆ రోజు పళ్ళెం వాడికిచ్చిన కాడ్నుంచీ మీరు కంచంలో చెయ్యి కెలికి లేచిపోతన్నారు. పాదు మొలిచినప్పుడు మీరు అటు తొంగి కూడా చూడలేదు. కోపం నా మీదండి. నా మీద చూపించాలి. నాలుగు మాటలనండి, అన్నం తినడం మానెయ్యండి, ఏదైనా చెయ్యండి. పిల్లాడు పెట్టుకున్న నారు ఏం చేసిందండీ మిమ్మల్ని?"  ఆవిడ అన్నది నిజం కాదు. నిజం కాకుండానూ లేదు. గంట కిందట ఈ మెట్టు మీద కూర్చున్న మనిషిని చూసి ఉంటే ఆవిడ ఇవే మాటలు అనేది, అప్పుడు అవి సరిగ్గా సరిపోయేవి. ఆ మనిషి తినాల్సిన తిట్లు ఈ మనిషి తింటున్నాడు, ఇద్దరూ ఒకే చొక్కా వేసుకున్నారు. పడిపోయిన మొక్క ఒకటి ఏరి ఆవిడ అరచేతిలో పెట్టాను, సన్నబడిన చోటు గోరుతో చూపించాను. ఆవిడ చూసింది, ఏమీ తెలియలేదు, తెలుసుకునే మనసులో కూడా లేదు. "వాడికి చెప్పాలి. నేను దాచలేను" అని ఫోను తీసింది. స్పీకరు పెట్టడం ఆవిడకు అలవాటు, చెవికి ఆనించుకుంటే వినపడదు.

వాడు రెండోసారికి ఎత్తాడు. వెనకాల ఎవరో మైకులో మాట్లాడుతున్నారు, వాడు బయటికి నడిచి వస్తున్నట్టు చప్పుడు. సుందరమ్మ చెప్పింది, మీ పెదనాన్న మొక్కలు పీకేరు నాయనా, ట్రేలన్నీ ఎండలో పెట్టేరు, నేను లేనప్పుడు అయ్యింది అంది.  నేను చెవులు రిక్కించాను. ఇప్పుడంటాడు. ఇప్పుడైనా ఒక చెడ్డ మాట అంటాడు, నాకు దక్కుతుంది, జీవితాంతం దాచుకుంటాను.

"పెదనాన్న పీకేరా?" అన్నాడు ప్రవీణ్. "అయితే ఏదో ఉండబట్టే పీకుంటారు పెద్దమ్మా. మీరు కంగారు పడకండి. ఆయన ఎలా పెడితే అలా ఉంచెయ్యండి. ఓసారి ఆయనకి ఇవ్వండి."

సుందరమ్మ ఫోను నా వైపు చాచింది. ఆవిడ మొహం చూశాను, ఏదో కదిలింది అక్కడ, నా వంక కొత్తగా చూస్తోంది. చూడాల్సిందే, కానీ ఆ చూపు వాడు ఇప్పించాడు. నా మాట మీద రాలేదు అది, వాడి మాట మీద వచ్చింది. నన్ను నమ్మడం కూడా నాకంటే ముందు వాడే చేశాడు. పాత మంట మళ్ళీ రేగింది, ఎక్కడికీ పోలేదు, ఇంతసేపూ ఎండలో నాతో పాటే కూర్చుంది.

"తెగులా పెదనాన్నా?"

"ఆయ్."

"నేనేం తప్పు చేసేనండీ?"

అడిగాడు. ఎవరూ నన్ను ఏదీ అడిగి చాలా కాలమైంది.  "దీపాల వేళ నీళ్ళు పోస్తున్నావు" అన్నాను. "పొద్దున్న పొయ్యి. వసారాలో పెట్టకు. పెట్టినా ఆ నెట్టు విప్పెయ్యి." ఇంత పొడుగు మాట నేను వాడితో ఎన్నడూ మాట్లాడలేదు. వాడు సరేనండీ, సరేనండీ అంటున్నాడు, రాసుకుంటున్నాడేమో కూడా. "ఇంకేమన్నా చెయ్యాలా పెదనాన్నా? వచ్చేటప్పుడు మందేమన్నా తెమ్మంటారా?"

చెయ్యాలి. ఇంకొకటి ఉంది. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి విత్తనం పెట్టి వచ్చాక మూడో రోజు తెల్లారగట్ల లేచేది. నీళ్ళ పొయ్యిలో కొబ్బరి మట్టల బూడిద జల్లించి పాత గుడ్డలో మూట కట్టేది. మంచులో ఎవరూ లేవకముందే అవే పెరళ్ళకు వెళ్ళి పాదు మీద, మడి మీద ఆ మూట ఒక్కసారి అలా దులిపి వచ్చేది. గింజను చీమలు మోసుకుపోకుండా, మొలక మొదలు తడికి చెడకుండా. పదో రోజున మళ్ళీ వెళ్ళేది. పేటకంతటికీ తెలిసింది మంగాయమ్మ చెయ్యి ఒక్కటే, మూట సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకు చెప్పవమ్మా అని ఒకసారి అడిగాను. చెయ్యే అనుకోనీరా, అప్పుడే మళ్ళీ పిలుస్తారు అంది. ఇరవై ఏళ్ళకు పైగా నేనూ మూట దులిపాను. మోకాళ్ళు పట్టేశాక తెల్లారగట్ల లేవడం మానేశాను. ఈ రెండేళ్ళూ మా పెరటి పాదుకు కూడా దులపలేదు. ఎందుకు దులపలేదంటే, అంత కాలం అందరూ చెయ్యి, చెయ్యి అంటుంటే నేను కూడా నమ్మేశాను, చెయ్యి ఉంది కదా అని. ఫోను చేతిలో పట్టుకుని ఎండలో నిలబడి ఉండగా ఇదంతా తెలిసింది, రాత్రిళ్ళు అరచెయ్యి చూసుకుంటే తెలియనిది.

"ఏం అక్కర్లేదు" అన్నాను వాడితో.

ఫోను ఇచ్చేసి దడిలో సందు దాటి మా ఇంటికి వెళ్ళాను. నీళ్ళ పొయ్యిలో నిన్నటి బూడిద చల్లగా ఉంది. చేటలో జల్లించి పలచటి గుడ్డలో మూట కట్టి తెచ్చేసరికి సుందరమ్మ ట్రేల మధ్య గొంతుక్కూర్చుని పడిన మొక్కల కోసం వెతుకుతోంది, కళ్ళద్దాలు పెట్టుకుని. మూట చూసింది. మొదటి ట్రే మీద నేను దులపడం చూసింది. మా పెళ్ళయి నలభై ఏళ్ళు, ఆవిడ కూడా దీన్ని చూడటం ఇదే మొదలు.

"వాడడిగితే ఏం అక్కర్లేదన్నారు కదండీ."

నేను రెండో ట్రే దగ్గరికి జరిగాను.

"నేను విన్నానండీ. ఇంకేమన్నా చెయ్యాలా అని అడిగేడు." ఆవిడ లేచి నా పక్కకు వచ్చి ట్రేని కొద్దిగా వంచి పట్టుకుంది, బూడిద అన్ని మొదళ్ళకూ పడేటట్టు. ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. "సాయంత్రం వచ్చి ఈ తెల్లగా ఉన్నదేంటి పెద్దమ్మా అంటే ఏం చెప్పమంటారు?"

"పొట్టు ఎండితే అలాగే తెల్లబడుతుందని చెప్పు."

"శ్రమ దినాల్లో నా చేత అబద్ధం ఆడిస్తారా. నేను చెప్పను. మీ పెదనాన్ననే అడుగు అంటాను."

"అడగమను."

"అడిగితే చెబుతారా?"

మిరప ట్రే. దీని మీద పలచగా దులపాలి, ఎక్కువ పడితే ఆకు మాడుతుంది. రెండు వేళ్ళతో మూట తడుతున్నాను. వాడు బండి దిగి, చొక్కా అయినా మార్చకుండా, దడి దాటి మా మెట్ల దగ్గరికి వస్తాడు. పెదనాన్నా అంటాడు. కూర్చోమంటాను. కూర్చుంటాడు.

"మొదటిసారికి చెప్పను" అన్నాను.